ఇంగ్లీష్ బాగాలేదంటే సరిపోదు, ఏ లైన్‌లో బాగాలేదో చెప్పాలి

"నేటివ్ స్పీకర్ ఎవరికైనా చూపించి ఇంగ్లీష్ సరిచేయించుకోండి." ఇంగ్లీష్ మాతృభాష కాని పరిశోధకుల్ని ఏ దేశంవాళ్లనైనా కదిపి చూడండి, ఈ వాక్యం ఏదో ఒక రూపంలో అందరి మెయిల్‌లోనూ ఉంటుంది. పరిశోధన పేపర్ జర్నల్‌కి పంపితే, వేయొచ్చో లేదో తేల్చడానికి అదే రంగంలోవాళ్లు చదివి రాసే అభిప్రాయమే రివ్యూ. చాలాసార్లు ఆ రివ్యూ మొత్తంలో ఇదే మొదటి మాట. పేజీ నంబర్ ఉండదు, లైన్ నంబర్ ఉండదు, ఫలానా వాక్యం అర్థం కాలేదన్న ముక్క ఉండదు. ఒక్కోసారి ఆ కామెంట్‌లోనే రెండు స్పెల్లింగ్ తప్పులుంటాయి, అది వదిలేద్దాం. తప్పు పట్టారని కాదు నా బాధ. రాతలో తప్పుంటే రాతని పట్టుకోవాలి గానీ, రాసినవాళ్లు ఏ భాషలో పుట్టి పెరిగారన్నది పట్టుకుంటే ఎవరికి ఉపయోగం? ఆ కామెంట్ పదిసార్లు చదివినా సరిచేయడానికి నా చేతికి ఏమీ దొరకదు. మాతృభాష మార్చుకోలేను కదా.

నేను కొన్నేళ్లుగా ఈ వ్యవహారంలో రెండు వైపులా ఉన్నాను. పేపర్లు పంపి చీవాట్లు తిన్నాను, వేరేవాళ్ల పేపర్లు రివ్యూ చేశాను, ఇంగ్లీష్ తప్ప ఇంకో భాష రాని కో-ఆథర్లతో కూర్చుని డ్రాఫ్టులు దిద్దాను. ఆ డ్రాఫ్టుల గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అవి చూస్తే చాలామందికి ధైర్యం వస్తుంది. వ్యాకరణం తప్పు ఉండదు, నిజమే. కానీ యాభై అరవై పదాల వాక్యాలుంటాయి, కర్త మొదటి లైన్‌లో, క్రియ నాలుగో లైన్‌లో. నాలుగైదు నామవాచకాలు ఒకదాని వెనక ఒకటి పేర్చేసి, ఏది దేనికి విశేషణమో చదివేవాళ్లే తేల్చుకోవాలన్నట్టు వదిలేస్తారు. "కొలిచాం" అంటే సరిపోయేదాన్ని "కొలత నిర్వహించబడింది" అంటారు. "బహుశా", "కావచ్చు", "అనిపిస్తోంది" మూడూ ఒకే వాక్యంలో దూర్చి ఏమీ అనకుండానే ఏదో అన్నట్టు కనిపిస్తారు. అసలు కనుక్కున్న విషయమేమో ఆరో పేజీ అడుగున దాక్కుని ఉంటుంది. ఇలాంటి డ్రాఫ్ట్‌కి వచ్చే రివ్యూలు ఎలా ఉంటాయో తెలుసా? "కొంచెం బరువుగా ఉంది", "వాదన ఇంకా బిగించొచ్చు", "రెండో సెక్షన్ కుదించండి". ఇంగ్లీష్ బాగాలేదని మాత్రం ఎవరూ రాయరు. అదే బరువు, అదే గందరగోళం వేరే రకం పేరున్న రచయిత నుంచి వస్తే మాత్రం అది భాషా సమస్య అయిపోతుంది.

నా వాదన ఇంతే. మంచి రీసెర్చ్ పేపర్ రాయడం ఎవరికీ పుట్టుకతో రాదు, అందరూ కష్టపడి నేర్చుకోవాల్సిందే. కానీ నేర్చుకునే దారిలో చేసే తప్పులకి పడే శిక్ష అందరికీ ఒకటి కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం. ఈ చర్చ ఎప్పుడు వచ్చినా జనం ఏదో ఒక సగాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టిపారేస్తారు.

మొదటి సగం సంగతి చూద్దాం. తెలుగింట్లో పుట్టినవాళ్లంతా ఛందస్సు తప్పకుండా పద్యం రాసేస్తారా? రాయరు. భాష వచ్చినంత మాత్రాన దానిలోని ఒక ప్రత్యేకమైన రచనా పద్ధతి వచ్చేయదు. పేపర్ కూడా అలాంటి పద్ధతే. జాన్ స్వేల్స్ అనే భాషావేత్త రీసెర్చ్ పేపర్ల ఇంట్రడక్షన్లని పరిశీలించి వాటి నడకని మూడు అడుగులుగా చెప్పాడు, 1990 నాటికి అది బాగా స్థిరపడింది: ముందు ఈ రంగం ఎందుకు ముఖ్యమో చెప్పడం, తర్వాత ఇప్పటిదాకా జరిగిన పనిలో ఖాళీ ఎక్కడుందో చూపించడం, ఆ తర్వాత ఆ ఖాళీని మేమెలా పూరిస్తున్నామో చెప్పడం. వినడానికి సులువే. రాయడానికి కూర్చుంటే రెండో అడుగు దగ్గరే అందరూ తడబడతారు. కొత్తగా పీహెచ్‌డీలో చేరిన ఎవరి ఇంట్రడక్షన్ అయినా తీయండి, ఫలానావాళ్లు ఇది చేశారు, ఫలానావాళ్లు అది చేశారు, ఇంకొకరు ఇంకేదో చేశారు అని జాబితా సాగిపోతుంది, ఆ జాబితాలోంచి ప్రశ్న మాత్రం పుట్టదు. ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్ల డ్రాఫ్ట్‌లోనూ ఇదే, కానివాళ్ల డ్రాఫ్ట్‌లోనూ ఇదే. దీనికీ "ఎ", "ద" అనే ఆర్టికల్స్‌కీ, "ఇన్", "బై" లాంటి ప్రిపొజిషన్స్‌కీ సంబంధం లేదు. అయినా రెండోవాళ్ల డ్రాఫ్ట్ తెరవగానే గైడ్ ఎర్ర పెన్ను తీసి ముందు ఆర్టికల్స్ దిద్దడం మొదలుపెడతాడు. రెండు గంటలు దిద్దాక ఓపిక అయిపోతుంది, వాదన దాకా రానే రాడు. విద్యార్థేమో తన సమస్య ఆర్టికల్సే అనుకుని వెళ్లి వ్యాకరణం పుస్తకం కొంటాడు.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1935 నాటిది. ఆ ఏడాది మే 15న ఫిజికల్ రివ్యూ జర్నల్‌లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ ముగ్గురూ కలిసి ఒక చిన్న పేపర్ వేశారు, నాలుగే పేజీలు. క్వాంటమ్ మెకానిక్స్ భౌతిక వాస్తవాన్ని పూర్తిగా వర్ణిస్తోందా అన్నది దానిలోని ప్రశ్న. ఆ తర్వాత ఎంటాంగిల్‌మెంట్ (దూరంగా ఉన్న రెండు కణాల స్థితులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం) గురించి జరిగిన చర్చంతా ఏదో ఒక రకంగా ఈ పేపర్ దగ్గరికే వచ్చి తగులుతుంది. తమాషా ఏమిటంటే దాని టైటిల్‌లోనే ఒక ఆర్టికల్ ఎగిరిపోయింది. "క్వాంటమ్-మెకానికల్ డిస్క్రిప్షన్" ముందు ఉండాల్సిన "ద" లేదు. పేపర్ రాసింది పొడోల్‌స్కీ, ఆయన రష్యాలో పుట్టినవాడు, మన తెలుగులో లాగే రష్యన్‌లోనూ ఆర్టికల్స్ లేవు. మూడో రచయిత రోజెన్ మాత్రం న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టిన అమెరికన్, అంటే నేటివ్ స్పీకర్‌కి చూపించడం అనే షరతు కూడా తీరిపోయినట్టే. అయినా "ద" రాలేదు. అదే ఏడాది మరో పెద్ద భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ అదే జర్నల్‌లో జవాబిస్తూ అదే టైటిల్ పెట్టాడు, "ద" లేకుండానే. కొంపేం మునగలేదు.

కానీ ఆ పేపర్ రాత మీద ఐన్‌స్టీన్‌కి నిజంగానే అసంతృప్తి ఉండేది. 1935 జూన్‌లో సాటి భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్‌కి రాసిన ఉత్తరంలో, భాష కారణంగా పేపర్‌ని పొడోల్‌స్కీ రాశాడనీ, తాను అనుకున్నంత బాగా రాలేదనీ, అసలు విషయం గణితపు లాంఛనాల కింద కప్పబడిపోయిందనీ చెప్పుకున్నాడు. ఆర్టికల్ గురించి ఒక్క ముక్క లేదు. ఆయన బాధంతా వాదన ఏ వరసలో వచ్చింది, ఏది ముందుకొచ్చింది, ఏది మరుగునపడింది అన్నదాని గురించే. ఆ తర్వాత తన వాదనని తన పద్ధతిలో మళ్లీ రాసుకున్నాడు కూడా, 1948లో జర్మన్‌లో. ఇప్పుడు ఇదే పేపర్ మనం పేరు ఎప్పుడూ వినని ముగ్గురు మనుషుల నుంచి ఏదో జర్నల్‌కి వచ్చిందనుకోండి. రివ్యూయర్ కన్ను ముందు టైటిల్‌లో తప్పిపోయిన ఆర్టికల్ మీద పడుతుంది, "ఇంగ్లీష్ దిద్దించండి" అని రాస్తాడు, ఐన్‌స్టీన్ కనిపెట్టిన అసలు లోపం గురించి రాయాలన్న ఆలోచనే రాదు.

రెండో సగం, అంటే శిక్షలో తేడా. కెన్ హైలాండ్ అనే ఆయన అకడమిక్ రచన మీద పనిచేసినవాళ్లలో చాలా పెద్ద పేరు. 2016లో ఆయన ఒక వ్యాసం రాస్తూ, భాష వల్ల అన్యాయం జరుగుతోందన్నది ఒక భ్రమ అన్నాడు. నేటివ్, నాన్-నేటివ్ అనే గీత మోటుదనీ, అనుభవం లేకపోవడం, వనరులు లేకపోవడం, పెద్ద రీసెర్చ్ గ్రూపులకి దూరంగా ఒంటరిగా పనిచేయడం లాంటివి అంతకన్నా పెద్ద అడ్డంకులనీ ఆయన వాదన. చదువుతుంటే సగం మాటలకి తల ఊపాను. కానీ "ఇంగ్లీష్‌వాళ్లకీ రాయడం కష్టమే" అన్నదాని నుంచి "కాబట్టి అన్యాయం లేదు" అన్నదానికి ఎలా గెంతుతాం? అదే ఏడాది పొలిట్జర్-ఆలెస్ అనే పరిశోధకుడు మరికొందరితో కలిసి దీనికి జవాబు రాశాడు, 2020లో ఒక ప్రయోగం కూడా చేశారు. సైన్స్ ఒకటే ఉన్న అబ్‌స్ట్రాక్ట్‌ని (పేపర్ మొదట్లో ఉండే సారాంశాన్ని) మామూలు ఇంగ్లీష్‌లో ఒకసారి, కొంచెం తేడాగా ఉండే ఇంగ్లీష్‌లో ఒకసారి రాసి పరిశోధకులకు చూపించి, దీనిలో సైన్స్ నాణ్యత ఎంత అని అడిగారు. భాష గురించి కాదు, సైన్స్ గురించి. తేడా ఇంగ్లీష్‌కి మార్కులు కొంచెం తగ్గే ధోరణి కనిపించింది. ఇది ప్రాథమిక ఆధారం మాత్రమేనని వాళ్లే టైటిల్‌లో చెప్పుకున్నారు, నేను దాన్ని మోసుకుని ఊరేగను. కానీ రివ్యూలు చదివే అలవాటున్న ఎవరికీ అది ఆశ్చర్యం కలిగించదు.

ఇంకొంచెం గట్టి లెక్క 2023లో వచ్చింది. తత్సుయా అమానో బృందం ఎనిమిది దేశాల్లో పర్యావరణ శాస్త్రాల్లో పనిచేసే 908 మందిని అడిగి ప్లాస్ బయాలజీ అనే జర్నల్‌లో ప్రచురించారు. ఇంగ్లీష్ కారణంగా పేపర్ రిజెక్ట్ అయిందని చెప్పడం నాన్-నేటివ్స్‌లో సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. రివిజన్‌లో ఇంగ్లీష్ మెరుగుపరచమని అడిగించుకోవడం పన్నెండున్నర రెట్లు ఎక్కువ. ఒక్క రంగంలోని లెక్క, పైగా మనుషులు తమ గురించి తాము చెప్పుకున్నది, కాబట్టి దశాంశాల గురించి కొట్టుకోనక్కర్లేదు. కానీ రెండున్నరకీ పన్నెండున్నరకీ మధ్య దూరం చూడండి. భాష వల్ల పేపర్ పోవడం కన్నా, పోని పేపర్ మీద కూడా ఈ ముద్ర పడటం ఎంత ఎక్కువో దానిలో తెలుస్తుంది. ఆ ముద్ర పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు కొన్ని వారాలు కూర్చుని, ఎక్కడుందో చెప్పని తప్పు కోసం పేపరంతా వెతుకుతారు.

ఆ వారాలు ఎక్కడికి పోతాయో పక్కవాళ్లకి తెలీదు. ఒక పదబంధం నిజంగా వాడుకలో ఉందా లేక నేనే కల్పించానా అని కొటేషన్ మార్కుల్లో పెట్టి గూగుల్‌లో వెతకడం, పెద్ద జర్నల్స్‌లో ఎవరైనా వాడి ఉంటే బతికిపోయామనుకోవడం. బాగున్న వాక్యాల అచ్చుల్ని ఒక ఫైల్‌లో దాచుకోవడం. ఆ అచ్చులో మన మాటలు పోస్తే, కాపీ కొట్టామేమో చూసే సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుందేమో అని మళ్లీ టెన్షన్, కాబట్టి అప్పటికే చక్కగా ఉన్న వాక్యాన్ని కావాలని చెడగొట్టడం. ప్రయోగం ఎలా చేశామో చెప్పే భాగంలో ఇది మరీ హాస్యాస్పదం, ఒక ద్రావణాన్ని వేడి చేశామని చెప్పడానికి ఎన్ని కొత్త రకాలుంటాయి? ఈ సాఫ్ట్‌వేర్ భయంతోనే కొందరు మాటలు మార్చే టూల్స్‌కి వెళ్లారు, దాని ఫలితం 2021లో బయటపడింది. గియోమ్ కబనాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు జర్నల్ పేపర్లలో వింత పదబంధాల్ని ఏరి చూపించారు: ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" (నకిలీ స్పృహ), బ్రెస్ట్ క్యాన్సర్ అనాల్సిన చోట "బూజమ్ పెరిల్" (రొమ్ము ప్రమాదం). వాటిలో చాలా భాగం దొంగ పేపర్లే, రాసినవాళ్లని వెనకేసుకురావడం లేదు. కానీ ఆ పేపర్లు రివ్యూ దాటి అచ్చయ్యాయి. ఒకవైపు ఆర్టికల్ పోయినందుకు పేపర్ వెనక్కి వస్తుంది, ఇంకోవైపు "బూజమ్ పెరిల్" అచ్చవుతుంది. భాషని కాపాడుతున్నామనే కాపలాదారులు నిజంగా చదువుతున్నారా అని అనుమానం రాదా?

వ్యాకరణం కన్నా అసలైన కష్టం ఒకటుంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. ఎంత నమ్మకంతో చెప్పాలి అన్నది. ఫలితం "చూపిస్తోంది" అనాలా, "సూచిస్తోంది" అనాలా, "అయి ఉండొచ్చు" అనాలా? ఈ మెట్ల మధ్య తేడా చెవికి తెలియాలి. తెలియకపోతే మనవాళ్లు రెండు చివర్లలో ఏదో ఒక చివరికి పోతారు. "నిరూపించాం" అని రాస్తే అహంకారం, ప్రతి వాక్యంలో "బహుశా" పెడితే పసలేని పని. డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్‌లు 1953 ఏప్రిల్ 25న నేచర్ జర్నల్‌లో వేసిన పేపర్ ఒకటిన్నర పేజీ కూడా ఉండదు. దాని చివర్లో ఒక వాక్యం ఉంటుంది: మేం చెప్పిన ఈ జత కుదరడం జన్యు పదార్థం నకలు అయ్యే పద్ధతిని వెంటనే సూచిస్తోందన్న విషయం మా దృష్టిని దాటిపోలేదు, అని. ఇంగ్లీష్ తెలిసినవాళ్లు దీన్ని వినయం ముసుగేసుకున్న గొప్ప ప్రకటనగా తరతరాలుగా మెచ్చుకుంటున్నారు. దాని వెనక కథ ఏంటంటే జన్యుపరమైన ప్రాముఖ్యం గురించి రాయాలని క్రిక్, వద్దని వాట్సన్, నిర్మాణం తప్పేమోనని ఆయన భయం, చివరికి రాజీగా ఈ వాక్యం. క్రిక్ స్వయంగా తర్వాత చెప్పాడు. సరే, నా ప్రశ్న వేరే. ఇంగ్లీష్ కష్టపడి నేర్చుకున్న పాఠకుడు ఆ వాక్యం చదివితే, ఓహో ఏదో చిన్న గమనిక అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఆ శతాబ్దపు పెద్ద సంగతుల్లో ఒకటి అలా రెండు వ్యతిరేకార్థాల మధ్య నక్కి ఉంటుంది. అదే వాక్యాన్ని ఎవరికీ తెలియని నాన్-నేటివ్ రాస్తే, "సూటిగా చెప్పండి, అస్పష్టంగా ఉంది" అని కామెంట్ వచ్చేదని నా గట్టి నమ్మకం.

ఇక్కడే నేటివ్ పరిశోధకుల మీద నాకున్న అసలు ఫిర్యాదు. వాళ్లు ఎవరి కోసం రాస్తున్నామో మర్చిపోతారు. ఇవాళ సైన్స్ పేపర్లు చదివేవాళ్లలో చాలామందికి ఇంగ్లీష్ రెండో భాషో మూడో భాషో. వాళ్ల ముందు బేస్‌బాల్ ఆటలోంచి తెచ్చిన నుడికారాలు, నలుగురికీ తెలిసిన పాత పాటని మెలితిప్పిన టైటిల్, సిట్‌కామ్ డైలాగ్ మీద జోకు. రాసినవాడికి సరదా, చదివేవాడికి ఇంకో పావుగంట డిక్షనరీ. వాక్యం సరిగ్గా ఉండి అర్థం కాకపోతే తప్పు పాఠకుడిది, వాక్యంలో చిన్న లోపం ఉండి అర్థం అయినా తప్పు రచయితది అన్నట్టుంది లెక్క. రెండు చోట్లా నష్టపోయేది ఒకే మనిషి, గమనించారా?

అలాగని భాషా దోషాలన్నీ పైపై సంగతులని నేను అనను. కొన్ని దోషాలు సైన్స్‌నే మార్చేస్తాయి. దిగుబడి 20 శాతం పెరగడం వేరు, 20 శాతానికి పెరగడం వేరు. ఇంగ్లీష్‌లో ఆ తేడా మొత్తం ఒక చిన్న ప్రిపొజిషన్ మీద నిలబడుతుంది, అది తప్పితే ఫలితమే తప్పు. ఆర్టికల్ కూడా ఒక్కోచోట అలాంటిదే. "రోగుల్లో ఈ లక్షణం తగ్గింది" అంటే లోకంలోని రోగులందరి గురించి, "ఈ రోగుల్లో" అంటే మనం చూసిన వందమంది గురించి. ఆ ఒక్క మాట లేకపోతే చిన్న ఫలితం పెద్ద ప్రకటన అయి కూర్చుంటుంది. నేను రివ్యూ చేసినవాటిలో నిజంగా ముందుకు సాగలేక వెనక్కి పంపినవి ఉన్నాయి, ఏ నమూనాని ముందు కడిగారో ఏది ముందు వేడి చేశారో ఎంత చదివినా తేలలేదు. ఇవి చెప్పాల్సిందే, గట్టిగానే చెప్పాలి. కానీ ఇవి చెప్పాలంటే లైన్ నంబర్‌తో, నాకు ఇలా అర్థమైంది, మీరు అన్నది ఇదేనా అని చెప్పొచ్చు. పేపరంతటికీ కలిపి ఒక గంపగుత్త తీర్పు ఇచ్చేస్తే, అర్థాన్ని చెడగొట్టే రెండు తప్పులూ చెవికి మాత్రమే తగిలే నలభై తప్పులూ ఒకే మూటలో కలిసిపోతాయి. రచయిత డబ్బిచ్చి దిద్దించిన నలభై పోతాయి, ఆ రెండూ అలాగే ఉంటాయి. సబ్జెక్ట్ తెలియని ఎడిటర్‌కి 20 శాతానికో, 20 శాతమో ఎలా తెలుస్తుంది?

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. పేపర్లు అచ్చువేసే పెద్ద సంస్థల్లో చాలావాటికి సొంతంగా భాష దిద్దే సర్వీసులున్నాయి. ఇంగ్లీష్ బాగాలేదు అని ఒక వైపు నుంచి చెప్పి, ఫలానా చోట దిద్దుతారు అని ఇంకో వైపు లింక్ ఇస్తారు. వాడితే యాక్సెప్ట్ అవుతుందన్న గ్యారంటీ లేదని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. దిద్దించినట్టు సర్టిఫికెట్ జతచేసినా అదే కామెంట్ మళ్లీ వచ్చినవాళ్లు నాకు తెలుసు. మా పేపర్ ఒకదాన్ని ఇంగ్లీష్ మాతృభాష అయిన కో-ఆథర్ మొదటి నుంచి చివరిదాకా తిరగరాశాడు, పేర్ల వరసలో మాత్రం ఆయన చివర ఉన్నాడు. రివ్యూలో ఏం వచ్చిందో మీరు ఊహించే ఉంటారు. ఆయన పడీపడీ నవ్వాడు. అదే ఆయన ఒక్కడి పేరు మీద వెళ్లి ఉంటే ఆ లైన్ వచ్చేది కాదని ఇద్దరికీ తెలుసు. రచయితల పేర్లు దాచి రివ్యూకి పంపే పద్ధతి దీనికి కొంత మందు, కానీ పూర్తిగా కాదు, రాతలో యాస మిగిలే ఉంటుంది.

జర్నల్స్ విధానాలు ఎలా ఉన్నాయో 2024లో ఒక బృందం జీవశాస్త్రాల్లో 736 జర్నల్స్ తీసి చూసింది. కేవలం ఇంగ్లీష్ నాణ్యత కారణంగా పేపర్‌ని రిజెక్ట్ చేయబోమని స్పష్టంగా రాసుకున్నవి రెండంటే రెండే. ఇంగ్లీష్‌లో రాయాల్సిందేనన్న పట్టు ఎందుకొచ్చిందన్నది పెద్ద చరిత్ర, ఇక్కడ అంతా చెప్పలేను. న్యూటన్ ప్రిన్సిపియా 1687లో లాటిన్‌లో రాశాడు. ఐన్‌స్టీన్ 1905 నాటి పేపర్లు జర్మన్‌లో వచ్చాయి. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఇంగ్లీష్‌లో రాసిన పేపర్‌ని ఐన్‌స్టీన్‌కి పంపితే, ఆయనే కూర్చుని జర్మన్‌లోకి మార్చి జర్మన్ జర్నల్‌కి పంపాడు, మీ భాష బాగాలేదని వెనక్కి పంపలేదు. అమెరికా యూనివర్సిటీల్లో చాలా ఏళ్లపాటు పీహెచ్‌డీ కావాలంటే జర్మన్, ఫ్రెంచ్ చదవగలనని పరీక్ష రాయాల్సి వచ్చేది. అంటే ఒకప్పుడు ఇంగ్లీష్‌వాళ్లు కూడా పరాయి భాష బరువు కొంత మోసేవాళ్లు. ఇప్పుడు ఆ బరువు ఒక వైపు నుంచి పూర్తిగా దిగిపోయి రెండో వైపు పడింది, దిగినవాళ్లకి అది ఉందన్న సంగతే గుర్తు లేదు.

ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది కదా, ఇంక గొడవేముంది అంటారు. 2022 నవంబర్ తర్వాత ఆర్టికల్స్ సమస్య నిజంగానే దాదాపు తీరిపోయింది, నేను సంతోషించాను, ఇప్పటికీ వ్యాకరణానికి వాడితే తప్పులేదనే అంటాను. కానీ గమ్మత్తు చూడండి. ఒకటిన్నర కోట్లకు పైగా బయోమెడికల్ అబ్‌స్ట్రాక్టుల్లో పదాల వాడకాన్ని లెక్కగట్టిన ఒక అధ్యయనం, 2024లో వచ్చిన అబ్‌స్ట్రాక్టుల్లో కనీసం 13.5 శాతం ఇలాంటి మోడల్స్ చేయి పడినవే అని అంచనా వేసింది. "డెల్వ్స్" (లోతుగా తవ్వి చూస్తుంది) లాంటి కొన్ని మాటలు ఉన్నట్టుండి ఎగబాకాయట. అంతే, నిన్నటిదాకా ఇంగ్లీష్ గరుకుగా ఉందని తిట్టిన మనుషులు ఇవాళ మరీ నున్నగా ఉందని అనుమానిస్తున్నారు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2023లో, రాసింది మనిషో మెషీనో చెప్పే ఏఐ డిటెక్టర్లని ఏడింటిని పరీక్షించారు. టోఫెల్ కోసం మనుషులు రాసిన 91 వ్యాసాల్లో సగటున 61 శాతానికి పైగా మెషీన్ రాసినవని అవి తేల్చాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల్ని మాత్రం దాదాపు అన్నీ సరిగ్గా గుర్తుపట్టాయి. రెండో భాషలో రాసేవాళ్ల పదాలు కొంచెం ఊహించదగ్గవిగా ఉంటాయి, డిటెక్టర్ కొలిచేది అదే. ఇంకా విచిత్రం, అవే టోఫెల్ వ్యాసాల్లో పదాల్ని నేటివ్‌లా మార్చమని చాట్‌జీపీటీకి ఇస్తే, మెషీన్ రాసిందన్న ఆరోపణ బాగా తగ్గిపోయింది! మెషీన్‌తో దిద్దిస్తే మనిషి, సొంతంగా రాస్తే మెషీన్. కెనడాలో పనిచేసే ఒక ఎకాలజిస్ట్ పేపర్‌ని ఇది చాట్‌జీపీటీ రాసిందేనని రివ్యూలో అంటే, తన రాతకి డ్రాఫ్టుల చరిత్రంతా సాక్ష్యంగా ఉందని 2024లో నేచర్‌లో రాసుకుంది. అలాంటి వేదిక దొరకనివాళ్లు ఏం చేస్తారు?

మెషీన్ దిద్దుడులో నాకు కనిపించే అసలు ప్రమాదం మాత్రం వేరు. అది వ్యాకరణం దగ్గర ఆగదు. "సూచిస్తోంది" అని రాస్తే దాన్ని "స్పష్టంగా రుజువు చేస్తోంది" చేసి పెడుతుంది. నాలుగు నెలలు ఆలోచించి పెట్టిన "కావచ్చు"ని తీసేస్తుంది. వాక్యం అందంగా ఉంటుంది కాబట్టి, మెట్ల మధ్య తేడా చెవికి పట్టనివాళ్లు ఆ మార్పుని గమనించరు, ఎవరికి ఈ టూల్ ఎక్కువ అవసరమో వాళ్లే దాని తప్పుని తక్కువ పట్టుకోగలరు. ఇంకో వైపు వాదన లేని ఇంట్రడక్షన్‌కి ఇప్పుడు మంచి ఇంగ్లీష్ కూడా తోడైంది. ఇదివరకు ఇంగ్లీష్ దిద్దితే చాలనుకున్న గైడ్‌లకి ఇప్పుడు దిద్దడానికి ఏమీ కనపడదు, పేపర్ బాగున్నట్టే ఉంటుంది, చదివాక ఏం చెప్పిందో గుర్తుండదు.

ఈమధ్య నాకు రివ్యూకి వచ్చే పేపర్లతో పాటు ఒక ఫారం వస్తుంది, కొన్ని జర్నల్స్ పెడతాయి. "ఇంగ్లీష్ నాణ్యత" అని ఒక ప్రశ్న, మూడు నాలుగు ఆప్షన్లు. నేను ఆ ప్రశ్నని ఖాళీగా వదిలేస్తాను. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోనివ్వకపోతే "బాగుంది" అని నొక్కి, కింద కామెంట్లలో లైన్ నంబర్లు పెట్టి రాస్తాను: 112వ లైన్ నాకు రెండు రకాలుగా అర్థమైంది, మీరు ఏది అన్నారు? 240వ లైన్‌లో "రుజువైంది" అన్నారు, మీ డేటా అంత దూరం వెళ్లిందా? మిగతా ఆర్టికల్స్, కామాలు కాపీ ఎడిటర్ చూసుకుంటారు, దానికే కదా జర్నల్ డబ్బు తీసుకునేది. నిర్ణయం వచ్చాక మిగతా రివ్యూలు కూడా నాకు పంపిస్తారు, వాటిలో నేటివ్ స్పీకర్ లైన్ కనిపిస్తే తర్వాతి రౌండ్‌లో ఎడిటర్‌కి మాత్రమే కనిపించే బాక్సులో, దీన్ని తీసేయండి లేదా ఏ లైన్ గురించో ఆ రివ్యూయర్‌నే అడగండి అని రాస్తున్నాను. ఇప్పటిదాకా ఎడిటర్లలో ఎక్కువమంది జవాబివ్వలేదు. ఒకరు మాత్రం, అడిగాం, ఆయన తిరిగి చదివితే ఏ లైనూ దొరకలేదట, అని రాశారు.